పెద్దాపురమున నాలుగు దినములు

విశాఖపట్టణమునకును రాజమహేంద్రవరమునకును నడుమనున్న సామర్లకోట జంక్షనులో రైలు దిగినవారికిఁ బెద్దాపురము అయిదాఱు కిలోమీటర్ల దూరము. కాకినాడనుండి వచ్చువారు ఏ.డి.బి. రోడ్డుమీఁద సుమారు ఇరువది కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. ఏషియా అభివృద్ధి బ్యాంకువారి ఋణముతో వేసిన బాట యగుటచే దానికా పేరు నిలిచిపోయినది. అప్పు చేసి వేసికొన్న బాటకు అప్పిచ్చినవాని పేరే పెట్టుకొన్న జనులు మఱియెచ్చటనైనఁ గలరో లేరో! దారి కిరుప్రక్కల వరిచేలు, ధాన్యపు మిల్లులు, ఇంజనీరింగు కాలేజీలకుఁ బిల్లలను మోసికొనిపోవు పసుపుపచ్చని బస్సులు. సూరంపాలెము దగ్గఱనే యున్నది గనుక ఉదయమున నీ బస్సులకు దారి యిచ్చి నిలిచినవారికి పావుగంట యిట్టే గడచిపోవును.

ఊరు సమీపింపఁగానే పాండవుల మెట్ట కన్నుల కగపడును. అరణ్యవాసమునఁ బాండవులు దీని గుహలలోఁ దలదాఁచుకొనిరని జనుల నమ్మకము. మన తెలుఁగుదేశమునఁ బాండవులు తలదాఁచుకొనని కొండ యొక్కటియు లేదు కాఁబట్టి దీనినిగూర్చి నేను వాదింపను. మెట్టపైని సూర్యనారాయణస్వామి యాలయము కలదు. మెట్లెక్కి పైనుండి చూచినచో ఊరంతయు నొక పళ్ళెములోఁ బెట్టినట్లు కనఁబడును. పెంకుటిండ్లు తగ్గి మిద్దెలు పెరిగినవి. మిద్దెలపై నీళ్ళతొట్లును, వానినడుమ సెల్‌ఫోను గోపురములును నిలిచియున్నవి.

ఈ పట్టణము వత్సవాయివారి రాజధాని. నేను బడిచదువు చదివినదాననుగాను. మా తాతగారియొద్దఁ గూర్చుండి నేర్చుకొన్నదే నా విద్య. భర్తృహరి సుభాషితములను తెలుఁగు చేసిన ఏనుగు లక్ష్మణకవి యీ యూరివాఁడని మా తాతగారు చెప్పినది మొదలు పెద్దాపురమన్న నాకు గౌరవము. వత్సవాయి బుచ్చిసీతయమ్మగారి పేర నున్న మహారాణీ సత్రమును ఇచటివారు నేఁటికిని జెప్పుకొందురు. బాటసారులకును, దూరగ్రామములనుండి చదువుకొనవచ్చిన బీదపిల్లలకును అన్నము పెట్టిన యిల్లది. ఒక స్త్రీ కట్టించిన సత్రమున భోజనము చేసి పెద్దచదువులు చదివినవారిలో ఆఁడుపిల్లలెందఱో యని యడుగఁబోయి యూరకుంటిని.

మేము పోయినది ఆషాఢమాసము. మరిడమ్మవారి జాతర జరుగుచుండెను. జ్యేష్ఠ అమావాస్యనాఁడు మొదలైన జాతర ఆషాఢమంతయు సాగును. వీధులనిండ గరగలు, డప్పులు, వేపరొట్టలు. మా పెండ్లియైన క్రొత్తలో మావారికిచటి బడిలో నుద్యోగము. మఱల నింతకాలమునకు వచ్చుటకుఁ గారణము వారి పూర్వశిష్యురాలొకతె పలుమాఱులు పిలుచుట. ఆమె తండ్రి పట్టుసాలె. వారి యింటనే నాలుగు దినములుంటిమి.

ఆ యిల్లు చూడవలసినది. క్రింది సావడిలో గుంటమగ్గము, మిద్దెమీఁద నాలుగు కంప్యూటర్లు. క్రింద నాడె చప్పుడు తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు. పైన మీటల చప్పుడు ప్రొద్దుగ్రుంకినది మొదలు అర్ధరాత్రము దాఁక. ఇల్లాలు ఒక్కతెయే రెండుపూటలకును కాఫీ కాచునది. ఆ యమ్మకు రెండేండ్లక్రిందట పక్షవాతము వచ్చి యెడమచేయి స్వాధీనము తప్పినది. అయినను కుడిచేతితోనే రాట్నము త్రిప్పుచుఁ గండెలు చుట్టుచున్నది.

పెద్దాపురపు పట్టు ప్రసిద్ధము. పట్టుపంచెలు, ఉత్తరీయములు, చీరలు ఇచట నేయుదురు. పేరు మనది గాని దారము మనది కాదు. పట్టునూలు కన్నడదేశమునుండియు, జరీ సూరతునుండియు వచ్చును. నూలు తెచ్చి యిచ్చువాఁడు పెట్టుబడిదారు. అతనినే నేఁడు మాస్టరు వీవరందురు. పడుగును పేకకుఁ గావలసిన పట్టును లెక్కకట్టి యిచ్చి, బట్ట నేసి తెచ్చినపిమ్మటఁ గూలి యిచ్చును. ఎచ్చటనైనఁ బోగు తెగినను, అంచు వంకరవోయినను కూలిలోఁ గోత. ఇల్లాలు చుట్టిన కండెలకును, పిల్లలు తోడిన యాసునకును వేఱుగఁ గూలిలేదు. ఆ పనియంతయు బట్ట వెలలోఁ గలిసియున్నదని లెక్క. నేను దీనినిగూర్చి యడుగఁగా నామె నవ్వి, “అన్నము వండినందుకుఁ గూలి యడుగుదుమా అమ్మగారూ?” అన్నది. నాకు నవ్వు రాలేదు.

ఇఁక మిద్దెమీఁది పనిమాట. మా శిష్యురాలును, ఆమె స్నేహితురాండ్రు మువ్వురును అచటఁ గూర్చుండి సాఫ్టువేరు పరీక్షించు పని చేయుచున్నారు. సాఫ్టువేరనఁగా కంప్యూటరునకు వరుసగాఁ జెప్పు నాజ్ఞల మొత్తము. ఒకరు ఆజ్ఞలు వ్రాయుదురు. అవి చెప్పినట్లు జరుగుచున్నవో లేదో వీరు చూతురు. అన్నము ఉడికినదా లేదా యని మనము ఒక మెతుకు పట్టి చూతుము. వీరి కట్లు చాలదు. ప్రతి మెతుకును పట్టి చూడవలెను. అమెరికాలో నొక వైద్యశాలల సముదాయమున రోగులు డబ్బు చెల్లించు పత్రమును వారప్పుడు పరీక్షించుచుండిరి. పుట్టిన తేదీ వ్రాయవలసిన చోట రాఁబోవు సంవత్సరము వ్రాసినచో నేమగును? పేరులో నొక చుక్క యెక్కువైనచో నేమగును? రెండుమాఱులు మీట నొక్కినచో డబ్బు రెండుమాఱులు పోవునా? ఇట్టి ప్రశ్నలు వందలకొలఁది వ్రాసికొని యొక్కొక్కటియుఁ జేసి చూచి, తప్పు కనఁబడినచోటఁ జిత్రముతోఁ గూడ తెలియఁజేయుదురు. అత్తవారింట మొదటిసారి వంట చేసిన కోడలి పప్పును రుచిచూచు నాడుబిడ్డలవలె వీరు ప్రవర్తింపవలెనని నేననఁగా నందఱును నవ్విరి.

రాత్రివేళయే యేల యని మీరడుగవచ్చును. మనకు సాయంకాలము ఏడున్నర యైనప్పుడు న్యూయార్కులో శీతకాలమున ఉదయము తొమ్మిది గంటలు. వేసవిలో వారు గడియారమును గంటసేపు ముందునకుఁ ద్రిప్పుకొందురు గనుక ఆ తొమ్మిది మనకు ఆఱున్నరకే వచ్చును. పెద్దాపురములో నొక మిద్దెమీఁద భోజనపువేళ యేఁటికి రెండుసారులు మాఱుటకు అమెరికా గడియారము కారణము!

ఈ పనులకు వర్తకులు పెట్టుకొన్న పేర్లు గోదావరివారికిఁ దేలికగా బోధపడును. దూరదేశమునకుఁ బంపి చేయించుకొను పని ఆఫ్‌షోరు, అనఁగా దూరపుటొడ్డు పని. ప్రక్కదేశమునకుఁ బంపి చేయించుకొనునది నియర్‌షోరు, అనఁగా దగ్గఱి యొడ్డు పని. అమెరికావారికి మెక్సికో దగ్గఱి యొడ్డు, మనము దూరపుటొడ్డు. వారు పగలు పని చేయుచున్నప్పుడు మెక్సికోవారును మేల్కొనియే యుందురు గనుక వెంటనే మాటాడుకొనవచ్చును. కూలి మాత్రము మనకంటె నెక్కువ. వింత యేమనఁగా, ఆ దగ్గఱి యొడ్డునఁ గూడ మన దేశపు సంస్థలే పోయి దుకాణములు తెఱచినవి. టాటావారి టి.సి.ఎస్. 2001లో హంగరీ రాజధానియైన బుడాపెస్టులోను, 2002లో దక్షిణామెరికాలోని యురుగ్వేలోను, 2007లో మెక్సికోలోని గ్వాదలహారాలోను గార్యాలయములు పెట్టినది. అమెరికావాని పనికి మెక్సికో పిల్లలు కూలివారు, మనవారు పెట్టుబడిదారులు! మాస్టరు వీవరు బొంబాయిలోనుండి మెక్సికోలో మగ్గములు నడపుచున్నాఁడన్నమాట.

ఈ దూరపుటొడ్డు పని మన దేశమునకు వచ్చినది నిన్న మొన్న కాదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు అను నమెరికా సంస్థ బెంగుళూరులో శాఖ పెట్టి యుపగ్రహముమూలమున పని పంపుకొనుట మొదలుపెట్టినది. మన హైదరాబాదులో 1987లో భీమవరపుప్రాంతపు రామలింగరాజుగారు సత్యము కంప్యూటర్సును స్థాపించిరి. 1991 ప్రాంతమున వారికి జాన్ డీర్ అను ట్రాక్టర్ల సంస్థ పని యిచ్చుట యొక కథ. దూరముననుండి పని సాగునా యని డీరువారు సందేహింపఁగా, సత్యమువారు తమ పనివాండ్రను అమెరికాలోనే డీరువారి కార్యాలయమునకు దగ్గఱగా నొక యింట నుంచి, వారి ముఖము చూడకుండ, ఉత్తరప్రత్యుత్తరములతోనే పని నడపి చూపిరఁట. అజ్ఞాతవాసమువంటిదే. దగ్గఱనుండి దూరము నటించి, దూరముననుండియు పని కాఁగలదని నమ్మించిరి. తరువాత 1998లో హైదరాబాదున సైబరు టవర్సు తెఱచుటయు, 2000 సంవత్సరము రాఁబోవునప్పుడు పాతకంప్యూటర్లు తేదీలను తప్పుగా లెక్కించునను భయమున లోకమంతయు మనవారిని బిలుచుటయు, మన జిల్లాలలో నింటింటి కొక పిల్లవాఁడు అమెరికా చేరుటయు మీ రెఱిఁగినవే.

రెండవదినము మధ్యాహ్నము మావారును ఆ యింటి యజమానుఁడును అరుగుపైఁ గూర్చుండి మాటాడుకొన్న మాటలు నాకు మిక్కిలి నచ్చినవి. మావారికిఁ జరిత్రపాఠము చెప్పు నలవాటు సెలవులలోఁ గూడఁ బోదు. “ఓయి, దూరపుటొడ్డు పని మీ కులమువారికిఁ గ్రొత్తదా? ఇంజరములో ఇంగ్లీషు కంపెనీవారు 1708లోనే కోఠీ పెట్టలేదా? జగన్నాథపురమున డచ్చివారు, యానాములో ఫ్రెంచివారు, నరసాపురము దగ్గఱ మాధవపాలెమున మఱల ఇంగ్లీషువారు. మాధవపాలెపు బట్ట పేరు సీమలో బట్టజాతికే పేరైపోయినది. నమూనా లండనునుండి వచ్చెడిది, నేఁత మీది, సంతకము దుబాసీది” అనిరి.

ఆ పద్ధతి యిట్టిది. కంపెనీవారు దుబాసీలద్వారమునను, దళారులద్వారమునను సాలెవారికి ముందుగా బయానా యిచ్చెడివారు. నూలు కొనుటకును, నేయునన్నాళ్ళు తినుటకును ఆ సొమ్మే యాధారము. కాని బయానా తీసికొన్నవాఁడు ఆ పని తీఱువఱకు వేఱొకరికి నేయరాదు. కోఠీ బంట్రోతు వచ్చి మగ్గమువద్దఁ గాపలా కాచెడివాఁడు. వాని బత్తెము కూడ సాలెవాఁడే పెట్టుకొనవలెను. బట్ట తెచ్చినపుడు తరగతి కట్టి, మొదటిది కాదు రెండవదని వెల తగ్గించెడివారు. తుదకు మాంచెస్టరు మరబట్ట వచ్చిన తరువాత 1830 ప్రాంతములందుఁ గంపెనీవారు బట్టల వర్తకమే మానివేసిరి. ఒక తరమంతయు నా పనిని నమ్ముకొన్న యూళ్ళలో మగ్గములు మూలఁబడినవి. 1844లో మాంట్‌గామరీ దొర యీ జిల్లా దైన్యమునుగూర్చి వ్రాసిన నివేదికలో నీ వర్తకము పోవుటయు నొక కారణముగాఁ జెప్పఁబడినది. ఆనకట్ట కట్టి (1847–1852) నీరు పాఱించినదాఁక ఈ సీమ తేఱుకొనలేదు.

యజమానుఁ డంతయు విని, “మాస్టారూ, అప్పటి బంట్రోతు మా యమ్మాయి కంప్యూటరులోనే కూర్చున్నాడండీ. నిమిషానికొక ఫొటో తీసి పంపుతాడు” అన్నాఁడు. నిజమే. పని చేయుచున్నారో లేదో చూచుటకై ఆ తెరను మాటిమాటికిఁ జిత్రము తీయు నుపాయము నొకదానిని పని యిచ్చువారు పెట్టించిరి. కాఫీకై లేచి పోయినచో ఆ నిమిషములు జీతమునఁ బోవును.

ఈ సందర్భమున డెల్టాలో నొకప్పుడు జరిగిన ప్రయత్న మొకటి చెప్పవలెను. సత్యమువారి కుటుంబము తమ తండ్రిగారి పేర 2001లో బైర్రాజు ఫౌండేషనును స్థాపించి పల్లెలలో మంచినీరు, వైద్యము, చదువు మొదలైన పనులు చేసినది. వారే కొన్నియేండ్లకు “గ్రామ్ ఐటీ” యను పేర పశ్చిమగోదావరిలోని జల్లికాకినాడ, రావులపాలెము దగ్గఱి యీతకోట మున్నగు పల్లెలలోఁ గంప్యూటరు కార్యాలయములు తెఱచిరి. పల్లె విడువకుండనే పట్టభద్రులైన యువతీయువకులు పట్టణపు సంస్థల లెక్కలును, దస్తావేజులును సరిచూచి పంపెడివారు. సత్యమువారి సొంత యుద్యోగుల వ్యవహారములే అందుఁ గొంతపని. పొలము గట్టు దాఁటి నడచిపోయి, సాయంకాలమున కింటికి వచ్చి, తన సొమ్ముతోఁ దమ్ముని ఫీజు కట్టిన పడుచులా పల్లెలలోఁ గలరు. దేశదేశముల పత్రికలవారు వచ్చి చూచిపోయిరి. దగ్గఱి యొడ్డు పనికి ఇంతకంటె మంచి యుదాహరణము లేదు. ఒడ్డు మాటయేల, తమ గట్టుమీఁదనే పని!

కాని 2009 జనవరి 7వ తేదీన రామలింగరాజుగారు సత్యము లెక్కలలో లేని సొమ్ము ఉన్నట్లు చూపితిమని లేఖ వ్రాసిరి. దేశమంతయు దిగ్భ్రమ చెందినది. కంపెనీని మహీంద్రావారు చేకొనిరి. 2015 ఏప్రిల్‌లో న్యాయస్థానము శిక్ష విధించినది. పెద్దపట్టణముల వాటాదారుల నష్టమునుగూర్చి పుటలు పుటలుగా వ్రాసిరి. ఫౌండేషను పనులు ధనములేక చిక్కులఁబడుటనుగూర్చి వ్రాసినవారు తక్కువ. పల్లెలో పని నిలుచుట పల్లెచేతిలో లేదు. హైదరాబాదులో నొకరు లెక్క తప్పినచో ఈతకోటలోఁ గూర్చున్నవారి కుర్చీ కదలును. మంచిపనియు, మోసమును ఒకే యింటనుండి వచ్చినపుడు మంచిపనిని గూడఁ జెడ్డదనుట న్యాయము కాదని నా యభిప్రాయము. మావారి కిందు సమ్మతి లేదు. మే మిద్దఱమును దీనిపై రైలులో రాజమండ్రి వఱకు వాదించుకొంటిమి.

మూఁడవదినము కాకినాడ పోయితిమి. జగన్నాథపురపు వంతెన దాఁటునప్పుడు డచ్చివారి గుర్తు లేమైనఁ గలవేమో యని చూచితినిగాని జనసమ్మర్దములో నేమియు నగపడలేదు. 1946లో విశాఖపట్టణమున మొదలై యా యేఁడే కాకినాడకు వచ్చిన ఇంజనీరింగు కళాశాలయే నేఁటి జె.ఎన్.టి.యు. విశ్వవిద్యాలయము. మోహనరెడ్డిగారు 1991లో హైదరాబాదున స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ – 2014నుండి సైయెంట్ అని పేరు మార్చుకొన్నది – కాకినాడలో నొక కార్యాలయమును నడపుచున్నది. యంత్రముల నమూనాలు గీయుట, పటములు తయారుచేయుట వారి పనులలోనివి. సర్కారువారి సాఫ్టువేరు టెక్నాలజీ పార్కుల సంస్థకును అచట నొక కేంద్రము కలదు. సాయంకాలము ఆ కార్యాలయములు వదలునప్పుడు మెడలలోఁ గార్డులు వ్రేలాడవేసికొన్న యువతులు బస్సులకై నిలిచియుండఁగాఁ జూచితిని. వారిలోఁ బలువురు సామర్లకోట, పిఠాపురము, పెద్దాపురము పోవువారు. ఇంటినుండి పోయి యింటికి వచ్చు నుద్యోగము! హైదరాబాదు హాస్టలులో నలుగురితో నొక గది పంచుకొని, నెలకొకసారి గౌతమీ యెక్స్‌ప్రెస్సులో వచ్చి పోవువారికి ఇది యెంత భాగ్యమో వారినే యడుగవలెను.

ఇఁక మా శిష్యురాలి కథ. సూరంపాలెమునఁ జదివి, 2018లో హైదరాబాదున నుద్యోగము సంపాదించినది. 2020 మార్చిలో మహమ్మారివలన సర్వమును మూతపడఁగా లాప్‌టాపు సంచిలోఁ బెట్టుకొని యింటికి వచ్చినది. పదునైదు దినములనుకొన్నది మూఁడేండ్లయినది. ఆ మూఁడేండ్లలోఁ దాకట్టునుండి యిల్లు విడిపించినది. తమ్ముని పాలిటెక్నిక్కు చదివించినది. మగ్గములు నిలిచి పెండ్లిండ్లు వాయిదాపడి పట్టుపంచె లడుగువాఁడు లేని యా రోజులలో నీ యింట పొయ్యి వెలిగినది మిద్దెమీఁది పనివలననే. తరువాత సంస్థవారు కార్యాలయమునకు రమ్మనిరి. సరిగా నప్పుడే తల్లికిఁ బక్షవాతము. “ఇక్కడనుండి మూఁడేండ్లు చేసిన పనిలోఁ దప్పేమైనఁ గలదా?” యని యామె యడిగినది. తప్పు లేదనియు, నియమమనియు సమాధానము. ఉద్యోగము మానినది.

పిమ్మట స్నేహితురాండ్రతోఁ గలసి యీ మిద్దె పని. నడుమ నొక సంస్థ; ఆ సంస్థకు మఱియొకటి; దానికి అమెరికాలో నొకటి. ఆ గొలుసు చివర పెద్దాపురము. పైవానికి వచ్చినదాన నెంతభాగము క్రిందివారికిఁ జేరునో వారికే తెలియదు. నడుమనున్న సంస్థ యొకమాఱు రెండునెలల సొమ్ము ఎగవేసినది. లోపములున్నవని చెప్పినదిగాని యేవో చూపలేదు. “అమ్మగారూ, మా కోత కనీసము బట్ట చూపించి కోస్తాడు” అని తండ్రి యన్నాఁడు.

సోదరీమణులు గమనింపవలసిన సంగతు లిచటఁ గొన్ని కలవు. ప్రసూతినిగూర్చిన చట్టముచొప్పున పనిచేయు స్త్రీకి మొదటి రెండు కాన్పులకు జీతముతో 26 వారముల సెలవు కలదు. పని యింటినుండి చేయఁదగినదైనచో, సెలవు ముగిసిన పిమ్మట యజమానితో నొప్పందము చేసికొని యింటనుండియే చేయవచ్చునని కూడ అందున్నది. ఏఁబదిమందిగాని యంతకు మించిగాని పని చేయుచోట శిశుశాల యుండవలెను. కాని పదిమందికంటెఁ దక్కువ పనిచేయు నంగడికిఁ గాని కార్యాలయమునకుఁ గాని యా చట్టము తగులదు. నలుగురు పడుచులు మిద్దెమీఁదఁ బెట్టుకొన్న కార్యాలయమున యజమానురాలును పనికత్తెయును ఒక్కతెయే, ఎవరి సెలవెవరియ్యవలెను? వారిలో నొకతె యైదవనెల గర్భిణి. మిగిలిన మువ్వురును తమ వాటాలనుండి యామెకు మూఁడునెలలు సొమ్ము తీసి యిత్తుమని కాగితముమీఁద వ్రాసికొనిరి. ఆ కాగితమును నాకుఁ జూపిరి. నాలుగు వాక్యములు, నాలుగు సంతకములు.

రెండవది, ఇంటనుండి పనియన్నచో ఇంటివారు దానిని పనిగాఁ దలఁపకపోవుట. నేను చూచుచుండఁగానే, అమెరికావారితో మాటాడుచున్న పిల్లను జాతరకు వచ్చిన పెద్దమ్మగారు వచ్చి, “ఊరక కూర్చున్నావు గదా, ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీయవే” యనిరి. ఆ పిల్ల చెవిలోని యంత్రము తీయకుండనే చిక్కుడుకాయలు తీసికొన్నది. కార్యాలయమునకుఁ బోయిన స్త్రీకి కనీసము తలుపు కలదు. మావారుత్తరములు వ్రాసికొనునపుడు వారి గదిలో నడుగుపెట్టని మనము, ఆఁడుపిల్ల పనివేళ నెందుల కడుగుపెట్టుదుము?

సర్కారువారును ఇంటనుండి చేయు పనినిగూర్చి యాలోచించుచున్నారు. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుఁడుగారు ముఖ్యముగా స్త్రీలకొఱకై యిట్టి యవకాశములు పెంచుదుమని ప్రకటించిరి. చిన్నపట్టణములలో నలుగురుఁ గలసి కూర్చుండి పని చేసికొను స్థలములు కూడఁ గట్టింతురఁట. అదే యేఁడు విశాఖపట్టణమున టి.సి.ఎస్. వారికి ఇరువదియొక యెకరములకుఁ బైగా భూమిని నామమాత్రముగా 99 పైసలకు కేటాయించిరి. పెద్దవారు వచ్చినచో వేలమందికిఁ బని దొరకుననుట నిజము, నేను కాదనను. అయినను 99 పైసలకుఁ గట్ట తోటకూరయైన రాని యీ కాలమున, మా శిష్యురాలి మిద్దెకు రాత్రివేళ నిలుకడగాఁ గరెంటును, తెగని తీగెయును ఇచ్చినచో నా మువ్వురు నలుగురును మఱేమియు నడుగరని తోఁచినది. గాలివాన వచ్చినచో లైను తెగును. లైను తెగినచో ఆ రాత్రి కూలి పోవును. ఇన్వర్టరు బ్యాటరీ కొనుటకు వారు చీటీ వేసికొనిరి.

మేమున్న నాలుగవదినముననే వారి కొక ముఖ్యమైన వ్యవహారము తటస్థించినది. గొలుసునంతయుఁ దప్పించి అమెరికాలోని యొక చిన్నసంస్థవారు నేరుగా వీరికిఁ బని యిత్తుమని వ్రాసిరి. ఆఱునెలల పని, ముందుగా మూఁడవవంతు సొమ్ము. ఇల్లంతయు సంతోషము. ఒప్పందపత్రము ఇంగ్లీషున పదునాలుగు పుటలు. మావారు కన్నద్దములు పెట్టుకొని సాయంకాలమంతయుఁ జదివిరి. తొమ్మిదవపుటలో నొక వాక్యము: ఈ యాఱునెలలును, ఆ తరువాత మఱి యాఱునెలలును వీరు వేఱెవ్వరి పనియుఁ జేయరాదు.

మావారు పత్రము క్రిందఁ బెట్టి, “ఇంజరము” అనిరి. యజమానునకు వెంటనే బోధపడినది.

తరువాత రాత్రి పదిగంటల వఱకుఁ జర్చ. స్నేహితురాండ్రలో నొకతె సంతకము చేయుదమన్నది. ఆమె యింటిలో అప్పున్నది. గర్భిణియు నట్లే యన్నది. మా శిష్యురాలు చాలసేపు మాటాడలేదు. తండ్రి మాత్రము, “బయానా లేకుండ మగ్గమెక్కవద్దు. బయానా తీసికొని మగ్గము తాకట్టు పెట్టవద్దు” అని చెప్పి పండుకొనుటకుఁ బోయినాఁడు. పిదప నామె క్రిందికి దిగివచ్చి తల్లికి మందు వేసి, మఱల పైకిఁ బోయి, ఆ వాక్యమును గొట్టివేసి, దాని స్థానమున “ఈ పని చేయుచున్నంతకాలము మీ వ్యవహారము లితరులకుఁ జెప్పము” అని వ్రాసి పంపినది. పదిదినములలోఁ దేల్చవలెనని కోరినది. ఆ రాత్రి బదులు రాలేదు. మఱునాఁ డుదయమున మేము బయలుదేరునప్పుడు కూడ రాలేదు. గర్భిణియైన పిల్ల మాతో మాటాడక ముఖము త్రిప్పుకొని కూర్చున్నది.

ఇది వ్రాయుచుండఁగాఁ దొమ్మిదవనాఁడు ఫోను వచ్చినది. అవతలివా రా వాక్యము తీసివేసిరి. బయానాను మూఁడవవంతునుండి ఆఱవవంతునకుఁ దగ్గించిరి. నలుగురును సంతకములు చేసిరి. పని సోమవారము సాయంకాలము ఆఱున్నరకు మొదలు.